కాల్చిన గెనుసుగడ్డ మీదికి ఏం వేయాలి?

ప్రశ్న: మాది కందుకూరు. మా అబ్బాయి ఈ మధ్య ఒక ఓవెన్ కొనిచ్చాడు. అందులో గెనుసుగడ్డలు బేక్ చేస్తే తొక్క పలచగా ఎండి, లోపల మెత్తగా బాగానే వస్తున్నాయి. రాత్రిపూట అన్నం తగ్గించి వీటిని తిందామనుకున్నాము గానీ, మా వారికి రెండు ముక్కలు తినేసరికే మొహం మొత్తుతోంది. వీడియోలలో వీటి మీద పుల్లటి క్రీము, చీజు, బీన్స్ వేసుకొని తింటున్నారు. అవి మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేవు. మన వంటింట్లో ఉండేవాటితో, తీపి కాకుండా, వీటి మీద ఏం వేసుకోవచ్చు? పక్కన ఏం పెట్టుకోవాలి? చేపల పులుసు పనికొస్తుందా? మా అత్తగారికి షుగర్ ఉంది, ఆమె తినవచ్చా?

సమాధానం: మీ వారికి మొహం మొత్తడంలో వింత ఏమీ లేదు. సంక్రాంతి మొదలు శివరాత్రి దాకా గెనుసుగడ్డలను ఉడకబెట్టుకొని ఉత్తవే తినడమో, ఉపవాసం నాడు బెల్లమూ పాలూ కలుపుకోవడమో మనకు అలవాటు. చిరుతిండిగా రెండు ముక్కలకు చాలిన ఆ రుచి, ఒక పూట భోజనంగా దుంపంతా తినడానికి చాలదు. భోజనంగా నిలవాలంటే ఆ తీపికి ఎదురు నిలిచే పులుపు ముందుగా కావాలి. ఉప్పు, కారం, నెయ్యి ఆ తర్వాతే వస్తాయి. మీరు చూసిన వీడియోలలో పుల్లటి క్రీము వేయడంలోని ఉద్దేశమూ ఇదే. పులుపు విషయంలో మన వంటింటికి కొదవ లేదు గనుక మీరు ఆ క్రీము కోసం వెదకనక్కర లేదు. వేడి అన్నంలో నెయ్యి వేసుకొని ఏయే పచ్చళ్లు, ఏయే పొడులు కలుపుకుంటారో గుర్తు తెచ్చుకోండి. వాటిలో పుల్లనివీ ఘాటైనవీ ఈ దుంపకు చక్కగా కుదురుతాయి, కమ్మనివీ తియ్యనివీ కుదరవు. అన్నానికి తనదంటూ పెద్ద రుచి లేదు గనుక అది దేనినైనా ఇముడ్చుకుంటుంది, గెనుసుగడ్డకు ఆ సౌకర్యం లేదు.

పైన వేసేవాటి సంగతికి ముందు కాల్చే తీరు గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే తీపి ఎంత ఉంటుందన్నది చాలావరకు ఓవెన్‌లోనే తేలిపోతుంది. ఈ దుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దుంప వేడెక్కి లోపలి పిండిపదార్థం మెత్తబడే సమయంలో అది ఆ పిండిని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది. సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఈ మార్పు చురుకుగా సాగుతుంది. వేడి అంతకు బాగా మించితే ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. ఓవెన్‌లో దుంప నెమ్మదిగా వేడెక్కుతుంది గనుక ఆ నడిమి వేడిలో ఎక్కువసేపు ఉండి తియ్యగా తయారవుతుంది. మైక్రోవేవ్‌లో అయితే ఆ దశను త్వరగా దాటిపోతుంది గనుక తీపి తక్కువగా ఉంటుంది. మీ ఇంట్లో మైక్రోవేవ్ ఉంటే, మీ వారి వరకు 200 గ్రాముల దుంపను చాకు మొనతో నాలుగైదు చోట్ల పొడిచి, ముందు అందులో ఐదారు నిమిషాలు ఉంచి, మెత్తబడిన తరువాత ఓవెన్‌లో 200 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు కాల్చండి. తొక్కకు కాలిన కమ్మదనం వస్తుంది, తీపి అంతగా ముదరదు. మైక్రోవేవ్ లేకపోతే, చల్లని ఓవెన్‌లో పెట్టి వేడెక్కించకుండా, ముందే 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో పెట్టి, పరిమాణాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంట దాకా కాల్చండి. రేకు కాగితం చుట్టవద్దు. చుడితే దుంప తన ఆవిరిలోనే ఉడికి తొక్క తడిగా ఉండిపోతుంది. పాకంలాంటి రసం కారి మాడుతుంది గనుక కింద ఒక పళ్లెం ఉంచడం మంచిది. పచ్చి దుంపలను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఆ చలికి లోపల గట్టిపడి ఎంత కాల్చినా మెత్తబడని ముక్కలు మిగులుతాయి.

దుంప రకాన్ని బట్టి కూడా పైన వేసేది మారాలి. మన సంతలలో ఎక్కువగా దొరికేది ఎర్రటి తొక్క, తెల్లటి కండ ఉన్న రకం. అది కాలిన తరువాత పొడిపొడిగా, పిండి పట్టినట్టు ఉంటుంది, నీళ్లు తాగకుండా మింగడం కష్టం. దానికి పెరుగు, పచ్చడి, పులుసు వంటి తడి ఉన్నవి తప్పనిసరి. నారింజ రంగు కండ ఉన్న రకాలు అలా కాక తడిగా, జారుగా ఉంటాయి, తీపి కూడా ఎక్కువగానే తోస్తుంది. వాటికి పొడులు, వేయించిన పప్పులు, కరకరలాడేవి బాగుంటాయి. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూ సోనా ఇటువంటి నారింజ రంగు రకమే. దానిలోని బీటా కెరోటిన్ మన శరీరంలో విటమిన్ ఎ గా మారుతుంది. కొవ్వు లేకుండా తింటే బీటా కెరోటిన్ సరిగా ఒంటబట్టదు. అందువల్ల ఒక చెంచా నెయ్యి వేయడం రుచి కోసమే కాదు, అవసరం కూడా.

ఇక వడ్డించే పద్ధతి. వేడిగా ఉండగానే దుంపను పొడవునా చీల్చి, రెండు చివరలనూ వేళ్లతో లోపలికి నొక్కితే కండ పైకి విచ్చుకుంటుంది. తొక్క చిరగకుండా లోపలి కండను కాస్త చిదపాలి. ఉదయగిరి చెక్క చెంచా ఉంటే ఈ పనికి ఎంతో అనువుగా ఉంటుంది. ఉప్పునూ నెయ్యినీ పైపైన కాక, చిదిపిన కండలోనే కలపండి. చాలామంది పైన వేసే పచ్చడిలోని ఉప్పే చాలునని అనుకుంటారు గానీ, అప్పుడు మొదటి రెండు ముద్దలు ఉప్పగా, అడుగున ఉన్నదంతా ఉత్త తీపిగా మిగిలి, మళ్లీ మీ వారి ఫిర్యాదు మొదటికి వస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

పైన వేసేవాటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది మన నెల్లూరు కారం దోసె మీద పూసే ఎర్రకారానికి. నాలుగు దుంపలకు ఎనిమిది ఎండుమిరపకాయలను వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఒక మోస్తరు ఉల్లిపాయ, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, తగినంత ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బండి. దోసెకైతే చింతపండు ఇంతకంటే తక్కువ చాలు, ఇక్కడ తీపిని అడ్డుకోవాలి గనుక కొంచెం ఎక్కువే పడాలి. రుబ్బినదాన్ని రెండు చెంచాల నూనెలో పచ్చివాసన పోయేదాకా మగ్గనిచ్చి, నెయ్యి కలిపిన కండ మీద ఒక చెంచా పరిచి, ఆపైన పప్పుల పొడి చల్లండి. పుట్నాల పప్పు, వెల్లుల్లి, జీలకర్ర కలిసిన ఆ పొడి కారాన్ని కాస్త నిదానింపజేస్తుంది, మెత్తటి దుంపకు కొంత గరుకుదనం కూడా ఇస్తుంది. పప్పుల పొడి లేకపోతే వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గింజలు చల్లినా అంతే బాగుంటుంది. మిరపకాయ, వేరుశనగ, గెనుసుగడ్డ మూడూ అమెరికా ఖండాలలో పుట్టి, సముద్రం దాటి మన దేశానికి వచ్చిన పంటలే. మూడూ ఒక పళ్లెంలో ఇంతగా పొందుపడడం చూసినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది.

కారం తక్కువగా కావలసినవారికి తాలింపు పెట్టిన పెరుగు ఉత్తమం. గేదె పెరుగును పలచటి గుడ్డలో కట్టి అరగంట వేలాడదీస్తే నీరు దిగి, చెంచాతో తీసి పెట్టుకునేంత చిక్కగా అవుతుంది. కొంచెం పులిసిన పెరుగైతే మరీ మంచిది. తియ్యటి పెరుగు ఈ పనికి రాదు. అందులో ఉప్పు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి ఆరనివ్వండి. దుంప వేడిగా, పెరుగు చల్లగా ఉండాలి. ముందే కలిపి ఉంచితే రెండూ గోరువెచ్చగా అయి ఆ రుచి పోతుంది. పైన నూనెలో వేయించిన మజ్జిగ మిరపకాయలను రెండు మూడు నలిపి వేయండి. వాటిలోనే ఉప్పు బాగా ఉంటుంది గనుక పెరుగులో ఉప్పు తగ్గించుకోవాలి. పిల్లలకు మిరపకాయలు మాని, పైన కాస్త మిరియాల పొడి చల్లితే సరిపోతుంది.

పచ్చళ్లలో గోంగూర మొదటిది. గోంగూర పచ్చడికి పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలిపి నెయ్యితో పెడితే, పుల్లగా కారంగా ఉండే ఆ పచ్చడి వల్ల దుంపలోని తీపి ఒక గుణంగానే తోస్తుంది గానీ ఇబ్బందిగా తోచదు. చింతకాయ పచ్చడి, కాల్చిన వంకాయ పచ్చడి కూడా అలాగే పనికివస్తాయి. ఆవకాయను ముక్కలతో సహా వేస్తే నమలడం వేరుగా ఉండి కుదరదు, దాని పిండిని మాత్రం నెయ్యితో కలిపి పెట్టండి. కంది పొడి, కరివేపాకు కారం వంటి పొడులను తెల్లదుంప మీద ఉత్తగా చల్లితే గొంతు పట్టుకుంటుంది. వాటికి నెయ్యి రెట్టింపు వేసి, పైన నిమ్మకాయ పిండాలి. పొదలకూరు వైపు నుంచి వచ్చే నిమ్మకాయలు మన వైపు ఎప్పుడూ దొరుకుతాయి గనుక, ఏ పొడి వేసినా చివర నాలుగు చుక్కలు పిండడం అలవాటు చేసుకోండి.

చేపల పులుసు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పనికొస్తుంది, బాగా పనికొస్తుంది, అయితే చేసిన రోజు కాదు. నెల్లూరు పద్ధతిలో చింతపండుతో, మామిడికాయ ముక్కలతో పెట్టిన పులుసు మరునాటికి చిక్కబడి, పులుపూ కారమూ ఒకదానిలో ఒకటి ఇంకి ఉంటాయి. ఆ చిక్కటి పులుసును మాత్రమే రెండు గరిటెలు దుంప మీద పోసుకొని, చేప ముక్కను పక్కన పెట్టుకోండి. ముక్కను కూడా దుంపలోనే పెడితే ముళ్లు ఏరుకోవడం కష్టం, మెత్తటి కండలో ముల్లు కనపడదు కూడా. పిల్లలకు పెట్టేటప్పుడు ఈ విషయంలో అశ్రద్ధ చేయవద్దు. పలచటి పులుసైతే గిన్నెలో పోసి పక్కన ఉంచుకొని, దుంప ముక్కను అందులో ముంచుకొని తినడమే మేలు.

పులుసు కంటే కూడా ఈ దుంపకు దగ్గర చుట్టం ఎండు రొయ్యల పొడి అని నా అభిప్రాయం. తీరంలోని పల్లెల నుంచి మన సంతలకు వచ్చే చిన్న ఎండు రొయ్యలను తలలూ తోకలూ గిల్లి, ఇసుక లేకుండా చెరిగి, నూనె లేకుండా సన్నటి సెగ మీద కరకరలాడేదాకా వేయించండి. విడిగా వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, పచ్చి వెల్లుల్లి చేర్చి రోట్లో దంచితే మంచిది. మిక్సీలో వేస్తే మరీ మెత్తన కాకుండా ఆపి ఆపి తిప్పాలి. రొయ్యలలోనే ఉప్పు ఉండవచ్చు గనుక ఉప్పు రుచి చూశాకే వేయండి. నెయ్యి కలిపిన వేడి కండ మీద ఈ పొడి ఒక చెంచా, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం, కొత్తిమీర వేసి మీ వారికి పెట్టి చూడండి. సముద్రపు సరుకులోని ఆ గాఢమైన రుచి తీపితో కలిసినప్పుడు నాలుక మళ్లీ మళ్లీ కోరుకుంటుంది. పచ్చి రొయ్యల వేపుడు కూడా బాగానే ఉంటుంది గానీ, పచ్చి రొయ్యలలోనే కొంత తీపి ఉంటుంది కాబట్టి మిరియాలూ నిమ్మరసమూ ఎక్కువ పడాలి. రొయ్యలు పడనివారు ఇంట్లో ఉంటే ఆ పొడి గరిటెను మిగతా పాత్రలలో పెట్టకుండా చూసుకోండి.

శాకాహార భోజనానికి, ముఖ్యంగా రాత్రి పూట అన్నం మానేసినప్పుడు, ఒక సంగతి మరువకూడదు. వంద గ్రాముల గెనుసుగడ్డలో మాంసకృత్తులు రెండు గ్రాములు కూడా ఉండవు. దుంపా పచ్చడీ తిని పడుకుంటే తెల్లవారకముందే ఆకలి వేస్తుంది. వీడియోలలో బీన్స్ వేయడానికి ఒక కారణం ఇదే కావచ్చు, మనకు వాటి బదులు గుగ్గిళ్లు ఉన్నాయి. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో పండే శనగలను రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపులో తిప్పి, వేసవిలో పచ్చిమామిడి కోరు, మిగతా రోజులలో నిమ్మరసం కలిపి, దుంప మీద కుప్పగా పోయండి. అలసందలు ఇంకా త్వరగా ఉడుకుతాయి, మెత్తగా ఉండి దుంపతో బాగా కలుస్తాయి. గోంగూర పప్పు, మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు గట్టిగా వండితే వాటినీ వేసుకోవచ్చు. చిక్కటి ఉలవచారు, దాని మీద కాస్త మీగడ వేసినా మంచి భోజనమే. ముద్దపప్పు మాత్రం వద్దు, కమ్మదనం మీద కమ్మదనం చేరి తీపి ఇంకా పైకి తేలుతుంది.

కుదరనివి మరికొన్ని ఉన్నాయి. కొబ్బరి చట్నీ, బెల్లం వేసిన పులుసు, తియ్యటి సాంబారు, టమాటా సాస్, వీటన్నిటిలోనూ ఎంతో కొంత తీపి ఉంది, అందుచేత దుంప రుచికి పోటీ రాకపోగా దాన్ని రెట్టింపు చేస్తాయి. బంగాళదుంప వేపుడు పక్కన పెట్టడం కూడా అనవసరం. చీజు మీద పిల్లలకు ఇష్టం ఉంటే మిరియాల పొడితో, పచ్చిమిర్చితో కొద్దిగా వేయండి, తప్పు లేదు.

పక్కన తాగడానికి మిరియాల చారు ఒక గ్లాసుడు ఉంటే తెల్లదుంప సులువుగా దిగుతుంది. ఎండ రోజులలో అల్లం, పచ్చిమిర్చి, ఉప్పు, కరివేపాకు నలిపి వేసిన పలచటి మజ్జిగ చాలు. నమలడానికి ఉల్లిపాయ, దోసకాయ, ముల్లంగి ముక్కల మీద ఉప్పూ నిమ్మరసమూ చల్లి పెట్టండి. అప్పడాలు ఉంటే సంతోషమే.

మీ అత్తగారి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. గెనుసుగడ్డ షుగర్ ఉన్నవారికి నిశ్చింతగా పెట్టవచ్చునన్న మాట చాలాచోట్ల వినబడుతోంది గానీ, వండే పద్ధతిని బట్టి అది మారిపోతుంది. ఉడికించినదాని కంటే ఓవెన్‌లో కాల్చినదాని గ్లైసీమిక్ ఇండెక్స్ ఎక్కువ, అంటే అది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. పచ్చిగా 200 గ్రాములు తూగే దుంపలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఇంచుమించు 150 గ్రాముల వండిన అన్నంలో ఉన్నంత. కాబట్టి ఆమెకు మీరు కాల్చిన దుంప బదులు తొక్కతో ఉడికించినది సగం ముక్క, అన్నానికి అదనంగా కాక అన్నం బదులుగా, శనగ గుగ్గిళ్లతోనో పెరుగుతోనో కలిపి పెట్టండి. తిన్న రెండు గంటలకు చక్కెర చూసుకుంటే ఆమె శరీరానికి అది ఎలా పడుతున్నదో తెలుస్తుంది, ఆ అంకెను డాక్టరుకు చూపించి ఎంత తినవచ్చో అడగండి. మూత్రపిండాల సమస్య కూడా ఉంటే, ఈ దుంపలో పొటాషియం ఎక్కువ గనుక, డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

కాల్చిన దుంపలు మిగిలితే, పచ్చివాటిలా కాక, వాటిని మూత పెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచుకోవచ్చు. చల్లారినవి గట్టిపడి ముక్కలు చేయడానికి అనువుగా ఉంటాయి. మరునాడు ఉదయం తొక్కతోనే చక్రాలుగా కోసి, పెనం మీద కొంచెం నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చి, మిగిలిన ఎర్రకారం పూసి, నిమ్మరసం పిండి మీ వారి టిఫిన్ డబ్బాలో పెట్టండి.